పుస్తకానికి ఎక్కని విద్య

పుస్తకంలో దాగిన విద్య, పరుల చేత చిక్కిన ధనం అక్కరకు రావని పెద్దలు చెప్పిన మాట తెలుగునాట చిన్నబడి పిల్లలకు కూడా తెలుసు. విద్య నోటికి రావాలి, చేతికి రావాలి అని దాని తాత్పర్యం. అయితే నోటికి వచ్చిన విద్య ఆ నోటితోనే పోతుందనీ, చేతికి వచ్చిన విద్య ఆ చేయి చల్లబడగానే పోతుందనీ చెప్పే సామెత మాత్రం అంతగా వాడుకలో లేదు. అటువంటి సామెత ఒకటి పుట్టదగిన చోటు హైదరాబాదు నగరంలో ఉన్నది. అది జూబిలీహిల్సు కొండవాలుకు దిగువన, యూసఫ్‌గూడకూ బోరబండకూ నడుమ ఒదిగి ఉన్న రహమత్ నగర్.

కొండమీద తారల మేడలు, ఫిలింనగర్‌లో నిర్మాతల కార్యాలయాలు. కొండ క్రింద ఇరుకు సందులు, ఒకదాని భుజంమీద ఒకటి ఎక్కినట్లు కట్టిన అద్దె యిండ్లు. రహమత్ నగర్, దానిని ఆనుకొని ఉన్న కృష్ణానగర్, యూసఫ్‌గూడ - ఈ పేటలలో తెలుగు చలనచిత్ర పరిశ్రమకు కాళ్ళూ చేతులూ అయినవారు ఎందరో కాపురం ఉంటున్నారు. వెండితెరమీద పేరు కనిపించేవారు కొందరు. పేరు వచ్చే వేళకు ప్రేక్షకుడు లేచి వెళ్ళిపోగా, ఎవరూ చదవనివారు ఎందరో. తెల్లవారక ముందే యూనిట్ వాహనాలు వచ్చి వీరిని ఎక్కించుకొని పోతాయి. లైట్ మ్యాన్, సెట్టు వడ్రంగి, మేకప్ మ్యాన్, కాస్ట్యూమర్, ఫోకస్ పుల్లర్, ప్రొడక్షన్ బాయ్, జూనియర్ ఆర్టిస్టు - ఇలా పరిశ్రమవారు 24 శాఖలని లెక్క చెప్పుకుంటారు. సాయంకాలానికి, ఒక్కొక్కప్పుడు అర్ధరాత్రికి, మళ్ళీ ఇదే సందులకు తిరిగి వస్తారు. ఆనాటి కూలి జేబులో ఉంటుంది. ఆనాడు నేర్చినది వ్రేళ్ళ కొసలలో ఉంటుంది. మొదటిదానికి లెక్క ఉన్నది. రెండవదానికి లేదు.

చేతికి మాత్రమే తెలిసినది

ఫోకస్ పుల్లర్ పని చూడండి. నటుడు నడిచి వస్తూ ఉంటాడు. కెమెరా అతనిని వెన్నంటి ఉంటుంది. అతనికీ కటకానికీ నడుమ దూరం క్షణక్షణానికీ మారుతుంది. ఆ మార్పును కటకం మీది అంకెలతో సరిపోల్చి, చక్రాన్ని వెంట్రుకవాసి తప్పకుండా త్రిప్పవలసినవాడు ఈ మనిషి. ముందుగా టేపు పెట్టి కొలుస్తాడు, నేలమీద గుర్తులు పెడతాడు. కాని నటుడు ఆ గుర్తుమీదనే ఆగుతాడని నమ్మకమేమిటి? అడుగు ముందుకు వేసినా, ఆవేశంలో ఒరిగినా, దానిని కంటితో పట్టి వ్రేలితో దిద్దుకోవాలి. ఫిలిం రోజులలో ఈ దిద్దుబాటు సరిపడినదో లేదో ఆ క్షణాన తెలిసేది కాదు. ఫిలిం లాబరేటరీకి వెళ్ళి, కడిగి, ప్రింటై తిరిగి వచ్చిన తరువాత గాని తెలియదు. 'ఎలా పట్టుకున్నావయ్యా?' అని అడిగితే ఆ పనివాడు చెప్పగల సమాధానం ఒక్కటే - 'అలవాటండీ' అని.

ఆ 'అలవాటు' అన్న ఒక్క మాటలో దాగినది ఎంత అన్న విచారం లోకంలో చాలకాలంగా జరుగుతున్నది. మైకేల్ పొలాన్యీ అనే తత్త్వవేత్త 1966లో వెలువరించిన ఒక చిన్న గ్రంథంలో, మనిషికి తెలిసినది అతడు చెప్పగలిగినదానికంటె ఎప్పుడూ ఎక్కువే అని ప్రతిపాదించాడు. ఆ సూత్రాన్ని జపాను పండితులైన ఇకుజిరో నొనాకా, హిరొటాకా టకెయుచీ వ్యాపారసంస్థలకు అన్వయించి 1995లో పెద్ద గ్రంథం వ్రాశారు. నేడు వ్యాపారశాస్త్రం 'జ్ఞాన నిర్వహణ' అని పిలిచే శాఖకు అది మూలస్తంభాలలో ఒకటి.

వారు చెప్పిన ఉదాహరణ ముచ్చటైనది. ఒసాకాలోని మత్సుషిటా కంపెనీ 1985 ప్రాంతంలో ఇంటిలో రొట్టె చేసే యంత్రాన్ని తయారుచేయబూనినది. యంత్రం పిండిని పిసుకుతున్నది గాని రొట్టె రొట్టెలా రావడంలేదు. యంత్రం పిసికిన పిండికీ మనిషి పిసికిన పిండికీ ఎక్స్‌రేలు తీసి పోల్చినా మర్మం తెలియలేదు. అప్పుడు ఇకుకో తనాకా అనే ఉద్యోగిని ఆ నగరంలోని ఒక హోటలులో పేరుమోసిన రొట్టెల మేస్త్రి దగ్గర శిష్యురాలుగా చేరినది. కొంతకాలం అతని ప్రక్కన నిలబడి పిండి కలిపిన తరువాత, అతడు పిండిని సాగదీయడంలో ఒక విశేషం ఉన్నదని ఆమె కనిపెట్టినది. ఆ సంగతి మేస్త్రి ఎన్నడూ నోట చెప్పినది కాదు. బహుశా అతనికే తెలియదు! దానిని అనుసరించి యంత్రం లోపలి అమరికను మార్చగా రొట్టె కుదిరినది. యంత్రం విరివిగా అమ్ముడుపోయినది.

ఈ కథ నుండి గ్రహించవలసిన నీతి రెండు ముక్కలు. చేతిలోని విద్య కాగితంమీదికి రావాలంటే ముందు ఒకరి చేతి నుండి మరొకరి చేతికి రావాలి. అలా రావడానికి ఇద్దరినీ కొంతకాలం ప్రక్కప్రక్కన నిలిపి, ఆ కాలానికి వెల చెల్లించే సంస్థ ఒకటి ఉండాలి.

పుట్టినరోజు మరచిన పరిశ్రమ

చలనచిత్రరంగంలో చిక్కు ఇక్కడనే ఉన్నది. ఒక ఉక్కు కర్మాగారమో, బ్యాంకో తరతరాలుగా నిలుస్తుంది. సినిమా అలా కాదు. ప్రతి చిత్రమూ ఒక తాత్కాలిక సంస్థ. నాలుగువందలమంది ఒకచోట చేరుతారు. ఏడాదో, రెండేండ్లో కలిసి పనిచేస్తారు. చిత్రం విడుదలైన మర్నాడు ఎవరి దారి వారిది. చిత్రీకరణలో సహాయ దర్శకుడు కంటిన్యుటీ పుస్తకం వ్రాస్తాడు. నాయిక ఏ చేతికి ఎన్ని గాజులు వేసుకున్నది, దీపం ఎంతవరకు వెలిగి ఉన్నది, తలుపు ఏ మేరకు తెరచి ఉన్నది - సమస్తం అందులో ఎక్కుతుంది. ఒక వ్యాపారసంస్థ తన పనిని ఇంత సూక్ష్మంగా వ్రాసుకోవడం అరుదు. కాని ఆ పుస్తకం ఆయుస్సు ఆ చిత్రంతోనే సరి. తరువాత అది పాతకాగితాల లెక్క.

ఈ మరపు ఎంతవరకు పోయినదంటే, తెలుగు టాకీ తన పుట్టినరోజునే మరచిపోయినది. హెచ్. ఎం. రెడ్డి దర్శకత్వం వహించిన 'భక్త ప్రహ్లాద' తొలి తెలుగు టాకీ. అది 1931 సెప్టెంబరు 15న విడుదలైనదని దశాబ్దాలపాటు అందరూ వ్రాశారు, ఉత్సవాలు చేశారు. పాత్రికేయుడు రెంటాల జయదేవ శ్రమించి పాత పత్రికలనూ సెన్సారు వివరాలనూ గాలించి, ఆ చిత్రం 1932 జనవరి 22న సెన్సారై, ఫిబ్రవరి 6న బొంబాయిలో విడుదలైనదని నిరూపించారు. గమనించవలసినదేమంటే, ఆ నిజాన్ని భద్రపరచినది చిత్రాన్ని తీసినవారి బీరువా కాదు, ఇతరుల కాగితాలు. చిత్రమో, అది అసలే మిగలలేదు. అంతకు పదకొండేండ్లు ముందు, 1921లో, రఘుపతి వెంకయ్యగారి కుమారుడు ప్రకాశ్ తీసిన మూకీ 'భీష్మ ప్రతిజ్ఞ' కూడా మిగలలేదు. పాత ఫిలింను కరిగిస్తే వెండి వస్తుంది. వెండితెర అన్న మాటను కొందరు వర్తకులు అంత అక్షరాలా అర్థం చేసుకున్నారు మరి!

మదరాసు గురుకులం

అయితే ఈ పరిశ్రమ ఎన్నడూ విద్యను నిలుపుకోలేదనుకుంటే పొరపాటు. మదరాసు వడపళనిలో విజయా-వాహినీ స్టూడియో వెలిగిన రోజులను తలచుకోవాలి. అక్కడ నిపుణులు నెలజీతాలమీద పనిచేశారు. ఒకే ఆవరణలో ఛాయాగ్రహణం, శబ్దగ్రహణం, కళాశాఖ ఉండేవి. ఈనాటి చిత్రంలో పనిచేసినవారే రేపటి చిత్రంలోనూ పనిచేసేవారు. 'పాతాళభైరవి' (1951)లో నేర్చినది 'మాయాబజార్' (1957)లో అక్కరకు వచ్చినది. దర్శకుడు కే. వి. రెడ్డి, ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్‌ట్లే, రచయిత పింగళి నాగేంద్రరావు, కళాదర్శకులు గోఖలే, కళాధర్ - ఒకరి మనసు ఒకరికి తెలిసిన బృందం అది.

కే. వి. రెడ్డి భౌతికశాస్త్రం చదివినవారు. సినిమా కంపెనీలో కాషియరుగా జీవితం ప్రారంభించినవారు. ఆ రెండు అలవాట్లూ ఆయనను విడువలేదు. చిత్రీకరణకు ముందే స్టాప్‌వాచీ పట్టుకొని ప్రతి సన్నివేశానికీ నిడివి లెక్కగట్టేవారు. ఎన్ని అడుగుల ఫిలిం కావాలో ముందే తేల్చేవారు. వ్రాతప్రతి ముగిసిన తరువాత గాని సెట్టులో అడుగుపెట్టేవారు కారు. ఇది కాగితానికి ఎక్కిన విద్య. బార్‌ట్లేగారి వెన్నెల మాత్రం కాగితానికి ఎక్కనిది. నలుపు తెలుపు ఫిలింమీద, మండే దీపాల వెలుగులో, చల్లని వెన్నెలను కురిపించిన ఆయన నేర్పును ఆ తరువాతివారు 'బార్‌ట్లే వెన్నెల' అని ఆయన పేరుతోనే చెప్పుకున్నారు. ఏ దీపం ఎంత ఎత్తున ఉన్నది, దాని ముందు ఏ వల కట్టారు, ఎంత వెలుగును కోసివేశారు అన్నది ఆనాడు ఆయన ప్రక్కన నిలబడిన లైట్ మ్యాన్ చేతులకు తెలుసు. 1972లో కే. వి. రెడ్డి, 1993లో బార్‌ట్లే కన్నుమూశారు. ఆ లైట్ మ్యాన్‌లు ఎప్పుడు పోయారో ఎవరూ వ్రాసుకోలేదు.

అయినా ఆ గురుకులం ఊరకపోలేదు. అక్కడి శబ్దగ్రహణశాఖలో చేరిన యువకుడు కే. విశ్వనాథ్ తరువాతికాలంలో 'శంకరాభరణం' తీశారు. 'మాయాబజార్'కు సహాయకుడుగా పనిచేసిన సింగీతం శ్రీనివాసరావు 1994లో 'భైరవద్వీపం' తీశారు. 'పాతాళభైరవి'నాటి మాయలూ మంత్రాలూ నలభై మూడేండ్ల తరువాత మళ్ళీ తెరమీద నిలబడడానికి కారణం ఏ గ్రంథాలయమూ కాదు. గురువు ప్రక్కన శిష్యుడు నిలబడిన కొన్ని సంవత్సరాలు. 2024లో విడుదలైన 'కల్కి 2898 ఏ.డి.' చిత్రానికి మార్గదర్శిగా ఉండవలసినదని ఆయననే కోరారు. విద్య పోని చోట వ్యాపారం ఎంత దూరం నడుస్తుందో దీనిని బట్టి గ్రహించవచ్చు.

కొండ క్రిందికి దిగిన భాండాగారం

పరిశ్రమ హైదరాబాదుకు తరలిరావడం ఒకనాటి పని కాదు. అమీర్‌పేటలో సారథి స్టూడియో వెలసినది. 1959లో వచ్చిన 'మా ఇంటి మహాలక్ష్మి' పూర్తిగా ఈ నగరంలోనే తయారైన తొలి తెలుగు చిత్రమని ప్రసిద్ధి. 1976లో అక్కినేని నాగేశ్వరరావుగారి అన్నపూర్ణా స్టూడియో, ఆ తరువాత ఫిలింనగర్ కొండమీద రామానాయుడు స్టూడియో, 1996లో రామోజీ ఫిలిం సిటీ వచ్చాయి. భవనాలు వచ్చాయి, యంత్రాలు వచ్చాయి, మనుష్యులూ వచ్చారు. రానిది ఒక్కటే - నెలజీతం. స్టూడియో అనేది అద్దెకు ఇచ్చే ఫ్లోరు అయినది. నిపుణుడు రోజుకూలి అయినాడు. శిష్యుణ్ణి ప్రక్కన నిలుపుకొనే తీరిక గురువుకు లేదు. నిలుపుకోమని చెప్పే యజమాని అసలే లేడు.

అప్పటినుండి పరిశ్రమకు జ్ఞాపకశక్తి ఏదైనా ఉన్నదంటే అది కార్యాలయాలలో లేదు, రహమత్ నగర్ వంటి పేటల అరుగులమీద ఉన్నది. సాయంకాలం టీకొట్టు దగ్గర చేరినవారి మాటలలో ఉన్నది. తండ్రి వెంట సెట్టుకు వెళ్ళి, ప్లాస్టర్ ఆఫ్ పారిస్ కలపడం నేర్చుకున్న కొడుకు చేతిలో ఉన్నది. బావగారి సిఫారసుమీద లైటు శాఖలో చేరిన బామ్మర్ది భుజంమీద ఉన్నది. బంధుత్వమే ఇక్కడ పాఠశాల. కాని ఆ బడి రోజురోజుకూ పలుచబడుతున్నది. కష్టపడి నాలుగు రాళ్ళు కూడబెట్టిన తండ్రి తన కొడుకు ఇంజనీరు కావాలని కోరుకుంటున్నాడే గాని, తనవలె నిచ్చెన ఎక్కాలని కోరుకోవడం లేదు. అతనిని తప్పు పట్టగలవారెవరు?

ఇంతలో ఫిలిం పోయి డిజిటల్ వచ్చినది. 2012లో కొడాక్ కంపెనీ దివాలా రక్షణ కోరవలసి వచ్చినది. 2013లో ఫ్యూజీ కంపెనీ సినిమా ఫిలిం తయారీని ఆపివేసినది. రెండు మూడేండ్లలో లాబరేటరీల తొట్లు ఎండిపోయాయి. ఒక్కొక్క షాటుకు ఎరుపు ఎంత, పచ్చ ఎంత, నీలం ఎంత అని కంటితోనే నిర్ణయించి అంకెలు వేసిన గ్రేడింగు నిపుణులు ఒక్కసారిగా పనిలేనివారైనారు. లోకం మారినప్పుడు కొన్ని వృత్తులు పోవడం సహజమే. అయితే ఇక్కడ ఒక విపరీతం జరిగినది. ఆ వృత్తి పోయినది గాని దాని అవసరం పోలేదు. పాత చిత్రాలను మళ్ళీ నూతనంగా దిద్ది విడుదల చేయడం నేడు మంచి వ్యాపారం. 2010 జనవరిలో హైదరాబాదులోని గోల్డ్‌స్టోన్ సంస్థ 'మాయాబజార్'కు రంగులద్ది విడుదల చేసినది. 1991నాటి 'ఆదిత్య 369' చిత్రం 2025 ఏప్రిల్‌లో కొత్త మెరుగులతో మళ్ళీ తెరకెక్కినది. పాత నెగెటివును ముందు పెట్టుకొని, ఈ చిత్రం తొలి ఆటనాడు తెరమీద ఏ ఛాయలో ఉండినది అన్న ప్రశ్న పుట్టినప్పుడు, సమాధానం యంత్రానికి తెలియదు. ఆనాడు అంకెలు వేసిన కన్నుకు తెలుసు. ఆ కన్ను ఇప్పుడు ఎక్కడున్నదో వెదకవలసి వస్తున్నది.

ఫిలిం కూడా జీవమున్న వస్తువే. ఎసిటేట్ ఫిలిం ఉక్కలో ఉంటే లోలోపల చెడి, డబ్బా మూత తీయగానే పులిసిన వాసన గుప్పుమంటుంది. ఆ వాసన వచ్చినదంటే చిత్రానికి జబ్బు ముదిరినదని గుర్తు. అంతకు ముందుకాలపు నైట్రేట్ ఫిలిం మరీ ప్రమాదకరం. తనంత తానే అంటుకొనగలదు. 1964లో ఏర్పడిన జాతీయ చలనచిత్ర భాండాగారం పూనాలో దాచిన అటువంటి చిత్రాలు 2003 జనవరిలో అగ్నికి ఆహుతైనాయి. డిజిటల్ మాత్రం శాశ్వతమా అంటే, హార్డ్ డిస్కు ఎప్పుడు మొండికేస్తుందో ఎవరూ చెప్పలేరు. కొన్నేండ్లకు ఒకసారి కొత్తదానిలోకి ఎత్తి వ్రాయవలసినదే. తాటాకు గ్రంథాలను తరానికి ఒకసారి తిరిగి వ్రాసిన మన పూర్వుల కష్టమే రూపు మార్చి వచ్చినది.

వెల కట్టవలసిన విద్య

తాటాకుల ప్రస్తావన వచ్చినప్పుడు చార్లెస్ ఫిలిప్ బ్రౌనును తలచకుండా ఉండలేము. ఆయన ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉన్న ఉద్యోగి. అనగా ఒక వ్యాపారసంస్థ మనిషి. తెలుగు గ్రంథాలు చెదలపాలవుతున్నాయని చూచి, కడపలో తన బంగళాలోనే పండితులనూ లేఖకులనూ కూర్చోబెట్టి ప్రతులు వ్రాయించాడు. ఆ పనికి తన జీతం ధారపోశాడు, అప్పులపాలైనాడు. ఆయన గొప్పతనం గ్రంథాలను ప్రేమించడంలో మాత్రమే లేదు. ఎత్తి వ్రాసే పండితుడికి నెలజీతం ఇవ్వాలని గ్రహించడంలో ఉన్నది. జ్ఞానాన్ని కాపాడడం ఉబుసుపోక చేసే పని కాదు, కూలి ఇచ్చి చేయించవలసిన పని అని ఆయనకు తెలిసినది.

ఈ సంగతి మరచి 'ముసలి పనివారు రహస్యాలు చెప్పరు, దాచుకుంటారు' అని నిందించడం న్యాయం కాదు. రోజుకూలివాడికి పొలం లేదు, పుట్ర లేదు. ఆ నేర్పే అతని ఎకరం నేల. దానిని ఉచితంగా పంచి ఇమ్మంటే ఎలా ఇస్తాడు? ఇచ్చిన మర్నాడు తన చోట తన శిష్యుడే తక్కువ కూలికి నిలబడితే ఇంటి అద్దె ఎవరు కడతారు? 2025 ఆగస్టులో కూలి పెంచాలని చిత్ర కార్మికులు సమ్మె చేయగా, రెండు వారాలకు పైగా షూటింగులు నిలిచిపోయాయి. ఆ సందర్భంలో నైపుణ్యం గల పనివారి కొరతను గురించి నిర్మాతల పక్షాన మాట వచ్చినది. కష్టానికి తగిన ప్రతిఫలాన్ని గురించి కార్మికుల పక్షాన మాట వచ్చినది. నిదానంగా చూస్తే ఆ రెండు మాటలూ ఒకటే. నేర్పడానికి కూలి లేని చోట నేర్పరులు కొరవడక ఏమవుతారు?

మంచి ప్రయత్నాలు లేకపోలేదు. అన్నపూర్ణా స్టూడియో ఆవరణలో 2011లో చిత్రవిద్యాలయం నెలకొన్నది. 2019 డిసెంబరులో అక్కడనే ఫిలిం హెరిటేజ్ ఫౌండేషన్ అనే సంస్థ దేశవిదేశాల నిపుణులను రప్పించి, పాత ఫిలింను శుభ్రపరచడం, అతకడం, భద్రపరచడం ఒక వారంపాటు చేతితో చేయించి నేర్పినది. పుస్తకంతో సరిపెట్టక చేతికి పని చెప్పారు గనుకనే అది సరైన బడి.

అయితే ఫిలిం డబ్బాలను చల్లని గదిలో దాచినంత మాత్రాన సరిపోదు. ఆ డబ్బాలోని వెన్నెలను కురిపించిన చేతులనూ లెక్కలోనికి తీసుకోవాలి. అందుకు ఆకాశానికి నిచ్చెనలు వేయనక్కరలేదు. ప్రతి చిత్రపు ఖర్చుపట్టీలో ఇంత అద్దె, ఇంత భోజనం అని వ్రాసేచోట, నేర్పినవారికి ఇంత అని ఒక పంక్తి చేర్చవచ్చు. అరవయ్యో పడిలో పడిన మేస్త్రి ప్రక్కన ఇద్దరు యువకులను నిలిపి, నిచ్చెన ఎక్కే శ్రమను వారికి విడిచి, చూచి దిద్దే కూలిని ఆయనకు ఇవ్వవచ్చు. కంటిన్యుటీ పుస్తకం, సెట్టు పటం, దీపాల అమరిక - ఈ మూడింటినీ చిత్రం ముగిసిన నాడు చిత్తుకాగితాలలో కలపకుండా ఒక బీరువాలో పెట్టవచ్చు. పెట్టుబడిలో ఇది పులుసులో ఉప్పంత కూడా కాదు.

రహమత్ నగర్‌లో ప్రొద్దు గ్రుంకుతుంది. యూనిట్ వాహనం సందు మొదట్లో ఆగుతుంది. నెరసిన తలతో ఒక లైట్ మ్యాన్ దిగి, ఇంటి గుమ్మంలో వ్రేలాడే బల్బు కంటిలో పడకుండా అరచేయి అడ్డం పెట్టి, పలుచని నీడను తన మనుమడి మొగంమీదికి జరుపుతాడు. పిల్లవాడి మొగం చల్లగా వెలుగుతుంది. ఎందుకలా చేశాడో ఆయనను అడిగితే 'అలవాటు' అంటాడు. అడిగేవారు మాత్రం ఆయన ఉన్నప్పుడే రావాలి.